బొమ్మ రైళ్ల కేసు: కాపీరైటు, పేటెంటు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

మిత్రులందరికీ నమస్కారం.

సాఫ్ట్‌వేర్ చట్టాల గురించి మాట్లాడేవారు సాధారణంగా పెద్ద కంపెనీల వ్యాజ్యాలతో మొదలుపెడతారు. నేను బొమ్మ రైళ్లతో మొదలుపెడతాను. ఇంట్లో ఒక గది నిండా చిన్న పట్టాలు పరిచి, వంతెనలూ సిగ్నళ్లూ స్టేషన్లూ అమర్చి, వాటి మీద నమూనా రైళ్లు నడుపుకునే అభిరుచి అమెరికాలో చాలామందికి ఉంది. ఆ ఇంజన్లలో డీకోడర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. పట్టాల గుండా వచ్చే ఆజ్ఞలను అందుకుని ఇంజను వేగాన్నీ, దీపాలనూ, కూతనూ మార్చేది అదే. ఆ చిప్పులను అమర్చుకోవడానికీ, రైళ్లను కంప్యూటరు నుంచి నడపడానికీ కొందరు ఔత్సాహికులు కలిసి జేఎంఆర్ఐ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. వారిలో ముందు నడిచిన రాబర్ట్ జాకబ్‌సన్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. తాము రాసినదాన్ని వారు ఆర్టిస్టిక్ లైసెన్సు అనే అనుమతి పత్రం కింద, సోర్సు కోడుతో, అంటే తాము రాసిన మూల పాఠంతో సహా, ఎవరైనా ఉచితంగా దింపుకునేలా అందరి ముందూ పెట్టారు.

ఇదే పనికి సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకునే మాథ్యూ కాట్జర్ అనే వ్యాపారికి కొన్ని పేటెంట్లు ఉన్నాయి. జేఎంఆర్ఐ తన పేటెంటును ఉల్లంఘిస్తోందంటూ ఆయన తరఫున 2005లో జాకబ్‌సన్‌కు లేఖ వచ్చింది. ఒక్క పైసా తీసుకోకుండా పంచిపెట్టిన ప్రోగ్రాముకు, కాపీకి ఇంత చొప్పున లెక్కకట్టి, రెండు లక్షల డాలర్లకు పైబడిన బిల్లు కూడా వచ్చింది. జాకబ్‌సన్ కాట్జర్ కోడును చూసి రాయలేదు. ఆయనా, ఆయన తోటివారూ తమ బుర్రతో, తమ చేత్తో రాసుకున్న ప్రోగ్రాము అది. అయినా పేటెంటు దావా ముందు ఆ సంగతి వారికి రక్షణ కాలేదు. ఈ ఒక్క విషయాన్ని మీరు గట్టిగా పట్టుకోవాలని నా కోరిక, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కాపీరైటు కాపాడేది వ్యక్తీకరణను, అంటే మీరు రాసిన వాక్యాలను, మీరు రాసిన కోడును. దాని వెనుక ఉన్న ఆలోచనను అది ముట్టుకోదు. ఒక సమస్యకు ఇద్దరు వేర్వేరు చోట్ల కూర్చుని, ఒకరి పని ఒకరు చూడకుండా, ఒకే పరిష్కారం రాస్తే ఇద్దరికీ వేర్వేరుగా కాపీరైటు ఉంటుంది. ఎవరి హక్కు వారిదే, ఒకరికి మరొకరు అపరాధి కారు. పేటెంటు అలా కాదు. అది ఆ పరిష్కార పద్ధతినే పట్టుకుంటుంది. మీరు ఎవరినీ చూసి రాయకపోయినా, ఆ పేటెంటు ఉన్నట్టే తెలియకపోయినా, మీ ప్రోగ్రాము ఆ పద్ధతిలో నడిస్తే ఉల్లంఘన జరిగినట్టే. కాపీ కొట్టకుండా ఉంటే కాపీరైటు దోషం అంటదు, అది రాసేవాడి అదుపులో ఉన్న విషయం. పేటెంటు దోషం అంటకుండా ఉండాలంటే ప్రపంచంలోని పేటెంట్లన్నీ చదివి, వాటిలోని న్యాయవాదుల భాషను తన కోడులోని ప్రతి మలుపుతోనూ పోల్చి చూసుకోవాలి. సెలవు రోజుల్లో సరదాకి ప్రోగ్రాము రాసే మనిషి చేయగలిగిన పని కాదు ఇది.

జాకబ్‌సన్ వెనక్కి తగ్గలేదు. తాము ఉల్లంఘించలేదని, ఆ పేటెంటు అసలు చెల్లదని ప్రకటించమంటూ 2006 మార్చిలో తానే కోర్టుకు వెళ్లాడు. ఆ వ్యాజ్యం నడుస్తుండగా మరో సంగతి బయటపడింది. జేఎంఆర్ఐలో ఒక్కో తయారీదారు చిప్పు గురించిన వివరాలతో, ఔత్సాహికులు ఎంతో ఓపికగా కూర్చిన ఫైళ్లు ఉన్నాయి. కాట్జర్ కంపెనీ అమ్మే ఉత్పత్తిలోకి ఆ ఫైళ్లలోని సమాచారం చేరింది. చేరడం తప్పేమీ కాదు, లైసెన్సు అందుకు అనుమతి ఇచ్చింది. అయితే లైసెన్సు కొన్ని షరతులు కూడా పెట్టింది. రాసినవారి పేర్లు ఉంచాలి, కాపీరైటు ప్రకటన ఉంచాలి, మూలం ఎక్కడిదో చెప్పాలి, ఏం మార్చారో రాయాలి. వాటిలో ఏదీ జరగలేదు. పేటెంటు పేరుతో బిల్లు పంపిన పక్షమే ఆ ఔత్సాహికుల పనిని పేరు తీసేసి వాడుకుందన్నమాట. జాకబ్‌సన్ తన దావాలో కాపీరైటు ఉల్లంఘనను కూడా చేర్చి, ఆ వాడకాన్ని ఆపమని కోరాడు.

ఇక్కడి నుంచి కేసు ఆ బొమ్మ రైళ్ల గదిని దాటి, ప్రపంచంలోని ప్రతి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రచయితకూ, అంటే ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా, పంచుకునేలా తన కోడును ఇచ్చే ప్రతి ఒక్కరికీ సంబంధించినదైంది. 2007 ఆగస్టులో దిగువ కోర్టు, ఈ లైసెన్సు ఎవరు ఏమైనా చేసుకోవచ్చన్నంత విశాలంగా ఉంది కాబట్టి, పేర్లు ఉంచకపోవడం మహా అయితే ఒప్పంద భంగమే అవుతుంది తప్ప కాపీరైటు ఉల్లంఘన కాదని తేల్చి, నిషేధ ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. చదవడానికి ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. ఆచరణలో ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రాణాంతకమైన తేడా. ఒప్పంద భంగం కింద వెళితే కోర్టు ముందుగా అడిగేది మీకు ఎంత నష్టం వచ్చిందని. ఉచితంగా ఇచ్చిన సరుకుకు డబ్బు రూపంలో నష్టం చూపించడం దాదాపు అసాధ్యం. పరిహారం సున్నా అని తెలిశాక షరతులను ఎవరూ పట్టించుకోనక్కర లేదు. కాపీరైటు ఉల్లంఘన అయితే కోర్టు ఆ వాడకాన్నే ఆపించగలదు.

అప్పీలు ఫెడరల్ సర్క్యూట్ కోర్టుకు వెళ్లింది. అది పేటెంటు అప్పీళ్లు వినే కోర్టు. కాపీరైటు ప్రశ్న అక్కడికి చేరడానికి కారణం, వ్యాజ్యం మొదలైనది పేటెంటు దావాతో కావడమే. 2008 ఆగస్టు 13న వెలువడిన తీర్పు ఒక చిన్న మాట మీద నిలబడింది. ఆర్టిస్టిక్ లైసెన్సు మీరు కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు అంటూ అనుమతులు ఇచ్చి, వాటిని ‘ఫలానా పనులు చేసినట్లయితే’ అన్న అర్థం వచ్చే మాటతో ముడిపెట్టింది. కాలిఫోర్నియా ఒప్పంద చట్టంలో ఆ మాటకు షరతు అనే అర్థం స్థిరపడి ఉందని కోర్టు గుర్తించింది. షరతు పాటించనివాడు అనుమతి పరిధి బయట ఉన్నాడు. అనుమతి లేకుండా కాపీ చేసినవాడు కాపీరైటును ఉల్లంఘించినవాడే. డబ్బు చేతులు మారనంత మాత్రాన రచయితకు ప్రయోజనం లేదనుకోకూడదని, పేరు నిలవడం, తర్వాత చేసిన మెరుగులు తెలిసిరావడం కూడా చట్టం గౌరవించదగిన ప్రయోజనాలేనని ఆ తీర్పు వివరించింది. నేను ఈ భాగాన్ని చాలాసార్లు చదివాను. జీతం లేకుండా పనిచేసినవారి శ్రమకు ఒక ఉన్నత స్థాయి కోర్టు అంత స్పష్టంగా విలువ కట్టడం చదివిన ప్రతిసారీ నన్ను కదిలిస్తుంది.

పేటెంటు సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. జాకబ్‌సన్ సవాలు చేసిన ఆ పేటెంటును 2008లో కాట్జర్ తానే వదులుకున్నాడు. 2010 ఫిబ్రవరిలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. కాట్జర్ లక్ష డాలర్లు చెల్లించడానికీ, జేఎంఆర్ఐ సామగ్రిని మళ్లీ కాపీ చేయకుండా ఉండడానికీ ఒప్పుకున్నాడు. మొదటి లేఖ నుంచి రాజీ దాకా దాదాపు ఐదేళ్లు పట్టింది. తన తరఫున నిలబడే న్యాయవాది దొరికి, పట్టుదల కలిగిన ఒక ఆచార్యుడు కాబట్టి నిలిచాడు. అదే లేఖ ఇంకో ఔత్సాహికుడికి వచ్చి ఉంటే, ఆ ప్రాజెక్టు ఒక్క రాత్రిలో ఇంటర్నెట్ నుంచి మాయమై ఉండేది.

కాపీరైటు ఎప్పుడూ మన పక్షమే ఉంటుందనే భ్రమ మీకు కలిగించడం నా ఉద్దేశం కాదు. గీత దాటి ఆలోచన మీదికి పాకితే అది కూడా పేటెంటంత ప్రమాదకారి అవుతుంది. ఒరాకిల్, గూగుల్ వ్యాజ్యంలో జరగబోయి తప్పినది అదే. ఆండ్రాయిడ్ రాసేటప్పుడు గూగుల్, తర్వాత ఒరాకిల్ చేతికి వచ్చిన జావా అనే ప్రోగ్రామింగు భాషలోని 37 ప్యాకేజీలకు సంబంధించిన ప్రకటన పంక్తులను, అంటే ప్రోగ్రాములు పిలిచే పేర్లనూ వాటి అమరికనూ, సుమారు 11,500 పంక్తులను యథాతథంగా ఉంచుకుని, పని చేసే కోడును తానే రాసుకుంది. 2010 ఆగస్టులో ఒరాకిల్ దావా వేసింది. పేటెంటు ఆరోపణలు 2012లో జ్యూరీ ముందే వీగిపోయాయి. కాపీరైటు ప్రశ్న మాత్రం కోర్టుల మధ్య తిరిగి తిరిగి 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టులో ముగిసింది. ఆరుగురు న్యాయమూర్తులు గూగుల్ వాడకం న్యాయసమ్మతమైనదని, ఇద్దరు కాదని అన్నారు. అయితే ఆ పేర్లకు అసలు కాపీరైటు ఉంటుందా అన్న మూల ప్రశ్నకు కోర్టు జవాబివ్వలేదు. ఉందని వాదన కోసం అనుకున్నా ఈ వాడకం తప్పు కాదని మాత్రమే చెప్పింది. నా దృష్టిలో ఇది సగం విజయమే, ఎందుకంటే న్యాయసమ్మత వాడకం అన్నది కోర్టుకు వెళ్లాక, ఖర్చులు పెట్టాక తేలే రక్షణ.

పేటెంటు వైపు మళ్లీ వద్దాం. 2000ల దశకంలో మన ఊళ్లలో, విండోస్‌కు బదులు వాడే లినక్స్ అనే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను కంప్యూటర్లో పెట్టుకున్నవారికి ఒక అనుభవం గుర్తుండే ఉంటుంది. అంతా సవ్యంగా ఎక్కేది, తెరపై తెలుగు కూడా కనిపించేది, కాని పాటల ఫైలు మీద నొక్కితే మోగేది కాదు. చాలామంది అది లినక్స్ అసమర్థత అనుకున్నారు. నిజానికి ఎంపీ3 విప్పే కోడును స్వచ్ఛంద రచయితలు ఎప్పుడో రాసి, స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టారు. కాపీరైటు పరంగా ఏ అడ్డంకీ లేదు. ఆ పద్ధతి మీద అమెరికాలోనూ యూరప్‌లోనూ పేటెంట్లు ఉండడం వల్ల, అక్కడ కార్యాలయాలున్న పంపిణీదారులు దాన్ని చేర్చడానికి భయపడ్డారు. అలాంటి పంపిణీదారైన రెడ్ హ్యాట్ కంపెనీ 2002లో తన 8.0 విడుదల నుంచి ఎంపీ3ని తీసేసింది. ఆ పేటెంట్లున్న జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ తన ఎంపీ3 లైసెన్సు కార్యక్రమాన్ని ముగించినది 2017 ఏప్రిల్ 23న. పేటెంటు గడువు 20 ఏళ్లే కదా, కాపీరైటు రచయిత జీవితకాలం పైన మన దేశంలో ఇంకో 60 ఏళ్లు ఉంటుంది కదా, మరి పేటెంటు తక్కువ హానికరం కాదా అని కొందరు అడుగుతారు. ఒకరి కాపీరైటు వందేళ్లున్నా, నేను నా కోడును రేపే రాసుకోగలను. పేటెంటు ఉన్నన్నాళ్లూ ఎవరూ రాసి పంచలేరు. సాఫ్ట్‌వేర్‌లో 20 ఏళ్లంటే ఒక పద్ధతి పుట్టి, అందరికీ అవసరమై, పాతబడిపోయేంత కాలం.

పెన్‌డ్రైవులూ మెమరీ కార్డులూ ఫైళ్లను అమర్చి దాచడానికి వాడే ఫ్యాట్ ఫైలు వ్యవస్థది ఇంకో కథ. పొడవైన ఫైలు పేర్లను పొట్టి పేర్ల పక్కన దాచే పద్ధతి మీద మైక్రోసాఫ్ట్‌కు పేటెంట్లు ఉండేవి. దారి చూపే పరికరాలు తయారుచేసే టామ్‌టామ్ కంపెనీ మీద 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వేసిన దావాలో అవి కూడా ఉన్నాయి. మరుసటి నెలలోనే టామ్‌టామ్ రాజీపడింది. అదే మైక్రోసాఫ్ట్, మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో, 2018 అక్టోబరులో, లినక్స్ మీద ఒకరిపై ఒకరు పేటెంటు దావాలు వేసుకోబోమని ఒప్పుకున్న కంపెనీల కూటమి అయిన ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరి 60,000కు పైగా పేటెంట్లను లినక్స్‌కు అండగా పెట్టింది. ఆ మరుసటి ఏడు, ఫ్యాట్ తర్వాత వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ ఫైలు వ్యవస్థ వివరాలను కూడా బయటపెట్టింది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ కూటమి రక్షణ సభ్యులకే, అదీ లినక్స్ వ్యవస్థగా వారు నిర్వచించుకున్న పరిధికే వర్తిస్తుంది. ఏ వస్తువూ తయారుచేయకుండా, పేటెంట్లు కొని దావాలు వేయడమే వృత్తిగా పెట్టుకున్న కంపెనీల నుంచి అది కాపాడలేదు. అలాంటి కంపెనీ ఎవరి పేటెంటునూ వాడదు కాబట్టి, దానితో ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక మన దేశం. 1970 నాటి పేటెంట్ల చట్టంలో 3(కె) అనే ఉపనిబంధన ఉంది. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కంప్యూటరు ప్రోగ్రాము తనంతట తానుగా, అల్గారిథమ్‌లు, ఇవి ఆవిష్కరణలు కావని అది చెబుతుంది. 2002 సవరణతో వచ్చి 2003 మే 20 నుంచి అమలవుతోంది. ఇందులోని ‘తనంతట తానుగా’ అన్న చిన్న మాట మీదే ఇన్నేళ్ల పోరాటమంతా నడిచింది. ప్రోగ్రాముతో పాటు వేరే అంశాలు కూడా కలిసి నిజమైన ఆవిష్కరణ ఉన్నప్పుడు దాన్ని తోసిపుచ్చకూడదనే ఉద్దేశంతో సంయుక్త పార్లమెంటరీ సంఘం ఆ మాటను చేర్చింది. అందులో తప్పు లేదు. బ్రేకులు జారకుండా ఆపే కొత్త యంత్రంలో ఒక ప్రోగ్రాము కూడా ఉందంటే, ఆ యంత్రానికి పేటెంటు వద్దని నేను కూడా అనను.

2004 డిసెంబరు చివర ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. పరిశ్రమలో సాంకేతికంగా ప్రయోగించిన ప్రోగ్రాముకూ, హార్డ్‌వేర్‌తో కలిసిన ప్రోగ్రాముకూ ఈ మినహాయింపు వర్తించదని అందులో ఉంది. హార్డ్‌వేర్‌తో కలవకుండా నడిచే ప్రోగ్రాము ఎక్కడుంటుంది? అంటే ముందు తలుపు మూసి, పక్క గోడను పూర్తిగా తీసేయడమే. 2005లో ఆర్డినెన్సు స్థానంలో చట్టం తెచ్చినప్పుడు పార్లమెంటు ఆ భాగాన్ని తొలగించి పాత పాఠాన్నే నిలిపింది. అదే ఏడాది జూలై 6న యూరోపియన్ పార్లమెంటు కూడా సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ఆదేశాన్ని 648 ఓట్లతో తిరస్కరించింది, దాని పక్షాన పడినవి 14 ఓట్లే.

పార్లమెంటు కాదన్నది మార్గదర్శకాల రూపంలో తిరిగి వచ్చే ప్రయత్నం చేసింది. పేటెంటు కార్యాలయం 2015 ఆగస్టులో పరిశీలకులకు ఇచ్చిన మార్గదర్శకాలు దారిని విశాలం చేశాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలూ, చిన్న కంపెనీల పక్షాన మాట్లాడేవారూ అభ్యంతరం చెప్పడంతో డిసెంబరులో వాటిని నిలిపివేశారు. 2016 ఫిబ్రవరిలో వచ్చిన పాఠం కొత్త హార్డ్‌వేర్ లేకపోతే పేటెంటు లేదన్న పరీక్ష పెట్టింది. 2017 జూన్‌లో ఆ పరీక్షను కూడా తీసేశారు. 2019 డిసెంబరు 12న ఫరీద్ అల్లానీ అనే పేటెంటు దరఖాస్తుదారు కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం చూపే ప్రోగ్రాము ఆధారిత ఆవిష్కరణకు 3(కె) అడ్డు కాదనీ, అన్నిటినీ కాదనడం ఈ కాలంలో వెనుకడుగు అవుతుందనీ పేర్కొంది. కోర్టు మీద పూర్తి గౌరవంతోనే చెబుతున్నాను, ‘సాంకేతిక ప్రభావం’ అన్న కొలతకు అంచులు లేవు. ఏ ప్రోగ్రామైనా కంప్యూటరు మెమరీని కాస్త పొదుపు చేస్తుంది, లేదా వేగాన్ని కాస్త పెంచుతుంది. పేటెంటు దరఖాస్తు రాసే నిపుణుడికి ఆ రెండు వాక్యాలు చేర్చడం కష్టమేమీ కాదు. చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే దాని అర్థం కరిగిపోతోందన్నది నా బాధ.

కాపీరైటు వైపు కూడా మన చట్టంలో ఒక చిక్కు ఉంది, దాని గురించి మనవాళ్లు మాట్లాడుకోవడం తక్కువ. మంచి సంగతి ముందు చెబుతాను. కంప్యూటరు ప్రోగ్రామును మన కాపీరైటు చట్టం సాహిత్య రచనగా చూస్తుంది. రెండు ప్రోగ్రాములు కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం రాబట్టుకోవడం, ప్రోగ్రాము ఎలా నడుస్తుందో పరిశీలించి నేర్చుకోవడం నేరం కాదని 52వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. చిక్కు లైసెన్సుల విషయంలో ఉంది. హక్కుల బదిలీ గురించిన 19వ సెక్షను నియమాలను 30ఎ సెక్షను లైసెన్సులకు కూడా వర్తింపజేస్తుంది. ఆ నియమాల ప్రకారం ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకేననీ భావించాలి. అక్షరాలా చదివితే, కాలం గురించి ఏమీ చెప్పని లైసెన్సు కింద ఇక్కడ విడుదలైన కోడు ఐదేళ్ల తర్వాత ఏ స్థితిలో ఉంటుందన్న ప్రశ్న పుడుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వాడే లైసెన్సుల్లో అపాచీ 2.0 లైసెన్సు శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా అని రాసుకుంది, పేటెంటు అనుమతిని కూడా చేర్చింది. జీపీఎల్ అనే లైసెన్సు మూడవ కూర్పు కాపీరైటు ఉన్నంత కాలం అని చెప్పి, పేటెంట్ల గురించి ప్రత్యేక నిబంధన పెట్టింది. ఎంఐటీ లైసెన్సులోనూ, జీపీఎల్ రెండవ కూర్పులోనూ కాలపరిమితి గురించిన మాట లేదు.

మన భాషకు ఇది దూరపు విషయం కాదు. దేశికాచారి గారు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఖతులు, అంటే ఫాంట్లు, జీపీఎల్ కింద వచ్చాయి కాబట్టే డెబియన్ లాంటి లినక్స్ పంపిణీల్లో చేరి, ఎవరి అనుమతీ అడగకుండా ఎన్నో కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు కనిపించేలా చేశాయి. ఇక్కడ కూర్చున్నవారిలో ఖతులూ, నిఘంటువులూ, అక్షరదోషాలు పట్టే ఉపకరణాలూ రాస్తున్నవారు ఉన్నారని నాకు తెలుసు. మీ కోడు పక్కన పెట్టే లైసెన్సు ఫైలును ఈ రాత్రి ఒకసారి తెరిచి, అందులో కాలం, ప్రదేశం, పేటెంటు గురించి ఏముందో చూడండి. ఏమీ లేకపోతే, ఈ అనుమతి కాపీరైటు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా వర్తిస్తుందని హక్కుదారుగా మీ మాటగా ఒక వాక్యం రాసి చేర్చండి. ప్రాజెక్టులో నలుగురు రచయితలుంటే నలుగురూ దానికి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన కోడైతే దాని మొదటి హక్కుదారు మీ యజమాని అవుతాడని 17వ సెక్షను చెబుతుంది కాబట్టి, ఆ అనుమతి కూడా ముందే, కాగితం మీద తీసుకోండి.